దండ వేసే చెయ్యి సంతకమూ పెట్టాలి

కిందటి డిసెంబరు 10న మా మండల కేంద్రంలో మానవ హక్కుల దినం సభ జరిగింది. పెట్టింది మా వ్యవసాయ కూలీల సంఘమే. పత్తి తీతలు జోరుగా నడుస్తున్న రోజులు. జనం పొద్దుగూకినాక చేతులు కడుక్కుని, పిల్లల్ని చంకనేసుకుని వచ్చారు. బల్ల మీద తెల్లగుడ్డ పరిచి, హక్కుల కోసం ప్రాణాలిచ్చినవాళ్ల పటాలు వరసగా పెట్టాం. బంతిపూల దండలు వేశాం. పెద్దలు మాట్లాడారు, మేమూ మాట్లాడాం. చప్పట్లు బాగానే పడ్డాయి.

మైకు తీసేస్తుండగా ఒక అక్క మా దగ్గరికి వచ్చింది. ఆమె మాకు ఇరవై ఏళ్లకు పైగా తెలుసు. పటాలన్నీ ఒక్కొక్కటే చూసి, మెల్లగా అడిగింది.

“తమ్మీ, అందరికీ దండలేసినరు. మంచిగున్నది. మరి ఆ వకీలు సారు పటం లేదేంది? అంటే, బతికే ఉన్నడా?”

“ఉన్నారక్కా” అన్నాం. అన్నాం గానీ, ఆ మాట మేం నమ్మకంగా అనలేదు. ఆయన సంగతి విచారించి ఎన్నేళ్లయిందో మాకే గుర్తు లేదు. చచ్చినవాడి కళ్లు చారెడు అని మనవాళ్లు ఊరికే అనలేదు. పోయినవాళ్ల పటం మన గోడ మీద ఉంటుంది. బతికున్నవాళ్లు ఎక్కడున్నారో, ఏం తింటున్నారో, వాళ్ల మీద ఎన్ని కేసులున్నాయో మనకు పట్టదు.

ఆ రాత్రి మా కార్యకర్తలం కూర్చుని చాలాసేపు మాట్లాడుకున్నాం. ఆ మాటలే ఈ వారం రైతుకూలీ సోదరుల ముందు పెడుతున్నాం. ఇందులో మాకు గొప్పయ్యేదేమీ లేదు. తప్పు ఒప్పుకోవాల్సింది మాత్రం ఉంది.

ఆ వకీలు సారు ఎవరు?

2003 మార్చి. మిరప కోతల రోజులు. మా ప్రాంతంలోనే ఒక ఊరు. పేరు రాయడం లేదు, ఎందుకంటే ఆ మనుషులంతా ఇంకా ఆ ఊళ్లోనే బతకాలి. ఈ అక్క పెనిమిటి ఒక పెద్దరైతు దగ్గర ఏడాది జీతం ఉన్నాడు. తల్లి వైద్యానికి తెచ్చిన అప్పు కింద జీతం. 1976లోనే వెట్టిచాకిరీ రద్దు చట్టం వచ్చింది. అయితే చట్టం ఢిల్లీలో పుట్టి మా ఊరి పొలిమేర దాకా వచ్చేసరికి ముసలిదైపోతుంది. ఆయన ఒకరోజు ఎదురు నిలబడి, “ఇగ జీతం చెయ్య, కోతలకు పోయి అప్పు తీరుస్త” అన్నాడు. మూడోనాడు పొద్దున బావి గట్టు మీద శవమై ఉన్నాడు. పక్కన పురుగుమందు డబ్బా.

“మందు తాగాడు” అన్నారు. సాయంత్రానికి పంచనామా అయిపోయింది. మర్నాడు పూడ్చిపెట్టడమూ అయిపోయింది. పంచనామా కాగితం మీద అయిదుగురి సంతకాలున్నాయి. అందులో ఒకటి మా సంఘం గ్రామ కార్యదర్శిది. ఈ ముక్క రాయడానికి చెయ్యి ఆడటం లేదు, కాని రాయాలి.

తొమ్మిదో రోజున ఎర్రబస్సు దిగి ముగ్గురు వచ్చారు. ఒకరు వకీలు, ఒకరు కాలేజీలో పాఠాలు చెప్పే ఆయన, ఒకరు డాక్టరు. చేతిలో రెండు నోటు పుస్తకాలు, భుజాన ఒక గుడ్డసంచి. నిజనిర్ధారణకు వచ్చామన్నారు. ఊరు ఊరంతా తలుపులేసుకుంది. కూలికి పోయినట్టు కొందరు, జ్వరమొచ్చినట్టు కొందరు. ఈ అక్క ఒక్కతే ఈతచాప పరిచి, చెంబుతో నీళ్లిచ్చింది.

వాళ్లు అడిగే పద్ధతి చూసి మేం ఆశ్చర్యపోయాం. “అమ్మా, నువ్వు కళ్లతో చూసింది ఒక పక్కన చెప్పు, చెవితో విన్నది ఒక పక్కన చెప్పు. రెండూ కలపొద్దు” అన్నారు. ఆఖరుసారి అన్నం ఎప్పుడు తిన్నాడు? అంగీ ఏ రంగు? బావికీ ఇంటికీ ఎంత దూరం? ముంజేతుల మీద ఏమైనా వాతలు చూశావా? రెండు చేతులకా, ఒక చేతికా? ఏడుపు వస్తే ఆగారు. తగ్గాక మళ్లీ అడిగారు. రాసిందంతా చదివి వినిపించి, “ఇది నీ మాటేనా? ఎక్కడైనా మేం ఎక్కువ రాశామా?” అని అడిగి, అప్పుడు వేలిముద్ర తీసుకున్నారు.

ఆ తర్వాత ఆ పెద్దరైతు ఇంటికి కూడా వెళ్లారు. మాకు ఒళ్లు మండింది. చంపినవాడి గడప తొక్కడమేమిటని వకీలు సారునే నిలదీశాం. ఆయన, “వాళ్ల మాట వినకుండా రాస్తే రేపు మన మాట ఎవడు వింటాడయ్యా?” అన్నాడు. ఆ తర్వాత పోలీసుస్టేషనుకూ, ఆసుపత్రికీ పోయి అక్కడివాళ్లు చెప్పింది కూడా రాసుకున్నారు. ఎక్కడా గొంతు పెంచలేదు.

వాళ్ల నివేదిక నాలుగు పేజీలు. దాని మీద అర్జీ పెట్టి, పూడ్చిన శవాన్ని ఎమ్మార్వో సమక్షంలో తీయించి మళ్లీ పరీక్ష చేయించారు. ‘అనుమానాస్పద మరణం’ అన్న కేసు హత్యకేసయింది. 1989 నాటి ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం సెక్షన్లు కూడా పడ్డాయి. ఇదంతా ఆ ముగ్గురి పని. మా ఊరేగింపుల వల్ల కాలేదు.

ఆ పనికి వాళ్లకు దక్కిందేమిటి? వకీలు సారుకు అర్ధరాత్రి ఫోన్లు. ఇంటిముందు పెట్టిన స్కూటరు ఒక తెల్లవారుజామున కాలిపోయింది. భూమి దావాలు తెచ్చే పెద్ద కక్షిదారులు ఒక్కొక్కరే ఫైళ్లు వెనక్కి తీసుకున్నారు. లెక్చరర్ గారిని దూరపు కాలేజీకి బదిలీ చేశారు.

నిజం అడగడం నేరమైన చోట

ఈ నిజనిర్ధారణ అనేది మన రాష్ట్రాల్లో ఇవాళ్టిది కాదు. ఆంధ్రప్రదేశ్ పౌరహక్కుల సంఘం 1974లో పుట్టింది. మరుసటి ఏడే ఎమర్జెన్సీ వచ్చి పడింది. ఆదిలాబాద్ జిల్లా రైతుబిడ్డలు భూమయ్య, కిష్టాగౌడ్‌లను 1975 డిసెంబరు 1న ముషీరాబాద్ జైల్లో ఉరితీశారు. ఆ ఉరి ఆపమని నోరు విప్పినవాళ్లు దేశమంతటా ఉన్నారు. నోరు విప్పితే జైలే అని తెలిసీ విప్పారు.

అదే 1975 జూలైలో మెదక్ జిల్లా గిరాయిపల్లి అడవిలో నలుగురు యువకులు ఎదురుకాల్పుల్లో చనిపోయారని పోలీసులు ప్రకటించారు. ఎమర్జెన్సీ పోయాక 1977లో జయప్రకాశ్ నారాయణ్ వేసిన తార్కుండే కమిటీ ఆ సంగతి తవ్వింది. కె.జి. కన్నాభిరన్ ఆ కమిటీకి కార్యదర్శి. చుట్టుపక్కల ఊళ్లు తిరిగి, జనాన్ని అడిగి, వాళ్లు తేల్చింది ఏమిటి? ఆ నలుగుర్నీ చెట్లకు కట్టేసి కాల్చారని. ఆ మాట అంతకు ముందు ఆ ఊళ్ల జనానికి తెలియదా? తెలుసు. తెలిసిన మాటను రాసుకునే మనిషి రావాలి. రాసుకున్న మాట కింద సంతకం పెట్టే మనిషి కావాలి.

1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో గోండుల సభ మీద కాల్పులు జరిగాయి. సర్కారు లెక్కలో చనిపోయినవాళ్లు 13 మంది. అంతకంటే చాలా ఎక్కువమంది పోయారని హక్కుల సంఘాలు చెప్పాయి. లెక్క ఎందుకంటారా? కూలీవాడి బతుక్కి రికార్డు లేదు. రేషన్ కార్డులో పేరు తప్పు, భూమి పట్టాలో పేరే లేదు. కనీసం చావులోనైనా అతను లెక్కలోకి రావాలి కదా! శవాన్ని లెక్కపెట్టడం కూడా ఒక హక్కుల పోరాటమే అయిన దేశం మనది.

పిల్లల డాక్టరుకి తుపాకీ గుండు

ఈ పనిలో ప్రాణాలు పోయినవాళ్ల పేర్లు మన పిల్లలకు చెప్పాలి. సినిమా నటుల పుట్టినరోజులు తెలిసిన మన కుర్రవాళ్లకు ఈ తేదీలు తెలియవు.

డాక్టర్ రామనాథం గారు వరంగల్లులో పిల్లల వైద్యుడు. పౌరహక్కుల సంఘం ఉపాధ్యక్షుడు. 1985 సెప్టెంబరు 2న కాజీపేటలో ఒక సబ్ ఇన్‌స్పెక్టర్‌ను నక్సలైట్లు చంపారు. మర్నాడు, సెప్టెంబరు 3న, ఆయన శవయాత్రలో పోతున్న పోలీసుల్లో కొందరు దారిలో ఉన్న డాక్టరు గారి ఆసుపత్రిలోకి చొరబడ్డారు. పిల్లలకు మందులు రాసే మనిషిని అక్కడికక్కడే కాల్చారు. ఆ సబ్ ఇన్‌స్పెక్టర్ చావుకూ ఈ డాక్టరుకూ ఏమిటి సంబంధం? ఏమీ లేదు. ఎవరు చచ్చినా విచారణ జరగాలి, చంపినవాడు ఖాకీ వేసుకున్నా చట్టం చట్టమే అని అడగడమే ఆయన చేసిన నేరం.

మేం ఒక మాట దాచకుండా చెప్పాలి. ఆ సబ్ ఇన్‌స్పెక్టర్ ఇంట్లోనూ ఏడుపే. ఆయన కూడా ఎవరో తల్లి కన్న బిడ్డే. హక్కులవాళ్లు ఆ చావుకు సంతోషించారని చెప్పేవాళ్లున్నారు. అది అబద్ధం. చావుకు చావు లెక్క కట్టే రాజ్యంలో మొదట పోయేది కూలీవాడి ప్రాణమే. అందుకే ఎవరి చేతిలోని హింసకైనా చట్టం కళ్లెం ఉండాలని వాళ్లు అడిగారు.

అదే 1985లో జగిత్యాలలో న్యాయవాది గోపి రాజన్న హత్య. 1986లో కరీంనగర్ జిల్లాలో జాపా లక్ష్మారెడ్డి హత్య. 1991 డిసెంబరులో హనుమకొండలో న్యాయవాది నర్రా ప్రభాకర్‌రెడ్డి హత్య. 2000 నవంబరు 23న హైదరాబాదులో పట్టపగలు పురుషోత్తం హత్య. మూడు నెలలు తిరక్కుండానే 2001 ఫిబ్రవరి 18న నల్గొండలో ఆజం అలీ హత్య. వీళ్లంతా పౌరహక్కుల సంఘం మనుషులు. వీళ్ల చేతుల్లో ఉన్న ఆయుధం ఏమిటంటే ఒక పెన్ను, ఒక నోటు పుస్తకం, బస్సు టిక్కెట్టు.

డాక్టర్ బాలగోపాల్ గారి సంగతి కొంచెం చెప్పాలి, మా రైతుకూలీలకు ఆయన దగ్గరి మనిషి గనక. ఆయన కాకతీయ విశ్వవిద్యాలయంలో లెక్కలు చెప్పేవారు. 1985లో ఆ ఉద్యోగం వదిలేశారు. జైలుకు పోయారు. 1989లో ‘ప్రజాబంధు’ అని పేరు పెట్టుకున్న ఒక ముఠా ఆయన్ను ఎత్తుకుపోయి కొన్నాళ్ల తర్వాత వదిలింది. దెబ్బలు తిన్నారు. అయినా చెప్పులరిగేలా తిరగడం మానలేదు. సాయుధ దళాలు చేసే హత్యల్ని కూడా ప్రశ్నించాలని పట్టుబట్టి, సొంతవాళ్లతోనే విభేదించి, 1998లో మానవ హక్కుల వేదికలోకి వచ్చారు. ఆ వాదన అందరికీ నచ్చలేదు. నచ్చకపోయినా, తను నమ్మింది తనవాళ్ల మొహం మీద చెప్పడానికి కావాల్సిన ధైర్యం పోలీసు లాఠీ ముందు నిలబడే ధైర్యానికి తీసిపోదు. తర్వాత నల్లకోటు వేసుకుని పేదల కేసులు వాదించారు. అప్పుల్లో ఉరేసుకున్న రైతుల ఇళ్లకు, ప్రాజెక్టుల కింద మునిగే ఊళ్లకు, సెజ్‌ల పేరుతో భూములు పోయిన పల్లెలకు వెళ్లి నేల మీద కూర్చున్నారు. 2009 అక్టోబరు 8న, 57 ఏళ్ల వయసులో పోయారు.

ఆయన పోవడానికి ఎనిమిది నెలల ముందు, 2009 ఫిబ్రవరి 6న, మన హైకోర్టు అయిదుగురు జడ్జీల బెంచి ఒక తీర్పు చెప్పింది. ఎన్‌కౌంటర్‌లో మనిషి చనిపోతే హత్యానేరం కింద కేసు నమోదు చేసి దర్యాప్తు చేయాల్సిందేనని, ఆత్మరక్షణ అన్నది కోర్టులో తేలాల్సిన సంగతని ఆ తీర్పు సారం. తర్వాత సుప్రీంకోర్టు దాన్ని నిలిపివేసింది. నిలిపినా, ఆ ప్రశ్న కోర్టు రికార్డులోకి ఎక్కిందంటే దాని వెనక ముప్పై అయిదేళ్ల నడక ఉంది, ఇన్ని శవాలున్నాయి.

మరి మేమేం చేశాం?

ఇప్పుడు మా సంగతికి వద్దాం. అక్క పెనిమిటి కేసు 2008లో విచారణకు వచ్చింది. సాక్షుల జాబితాలో ఊరివాళ్లు పదకొండు మంది. రోజుకొకరు, ఇద్దరు చొప్పున బోనెక్కారు. “నాకేం తెల్వదు” అన్నారు. “పోలీసోళ్లు ఏం రాసుకున్నరో నాకు చదవరాదు” అన్నారు. మా గ్రామ కార్యదర్శి ఎక్కాడు. “మందు తాగి సచ్చిండనే విన్న” అన్నాడు. పదకొండు మందిలో నిలబడింది అక్క ఒక్కతే. రెండు గంటలపాటు అవతలి వకీలు అడిగినదానికల్లా జవాబు చెప్పింది. “కళ్లతో చూసింది ఇది, చెవితో విన్నది ఇది” అని విడదీసి మరీ చెప్పింది. ఆమెకు ఆ పాఠం ఆ ఈతచాప మీదే వచ్చింది. మాకే రాలేదు.

కేసు కొట్టేశారు. ఒక్క సాక్ష్యం చాలదన్నారు.

మా కార్యదర్శి చెడ్డవాడు కాడు. ఆయన సేద్యం చేసే రెండెకరాల కౌలు భూమి ఆ పెద్దరైతుదే. పంచనామా రోజున సంతకం పెట్టకపోతే ఆ సాయంత్రమే కౌలు పోయేది. కోర్టులో నిజం చెబితే ఇంటికొచ్చేసరికి దూడ కట్టే చోటు కూడా మిగిలేది కాదు. ఇది ఆయన ఒక్కడి పిరికితనం కాదు, భూమి ఎవరిదో మాట కూడా వాడిదే అయిన వ్యవస్థ ఇది. అంతవరకూ నిజమే. కాని ఆ మాట చాటున మేం దాక్కున్నాం. ఆయనకు వేరే రెండెకరాల కౌలు చూపించే ప్రయత్నం మేం చేశామా? పదకొండు మందినీ ఒకచోట కూర్చోబెట్టి ఒక్క రాత్రి మాట్లాడామా? వాయిదా రోజున వాళ్ల వెంట కోర్టుకు వెళ్లామా? లేదు. ఆ రోజుల్లో కూలిరేట్ల పోరాటం ఉందనుకున్నాం. కోర్టు పని వకీళ్లదనుకున్నాం. ఇంటి ముందు స్కూటరు తగలబెట్టించుకున్న మనిషికి మేం ఇచ్చింది ఒక ఖండన ప్రకటన. అది కూడా పేపర్లో రాలేదు.

చుండూరు కూలీలు నేర్పింది

సాక్ష్యం చెప్పడం పేదవాడి వల్ల కాదనేవాళ్లకు చుండూరు జవాబు. గుంటూరు జిల్లా చుండూరులో 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది దళితుల్ని చంపారు. వాళ్లలో ఎక్కువమంది మనలా పొలం పని చేసుకునే కుటుంబాలవాళ్లు. ఆ జనం తెనాలి శిబిరంలో తలదాచుకుంటూ పోరాడారు. కోర్టు మా ఊళ్లోనే పెట్టాలన్నారు. పెట్టించారు. ప్రత్యేక కోర్టు చుండూరులోనే కూర్చుంది. సాక్షులు తమ ఊరి నేల మీదే, తమను వెలివేసిన వీధుల పక్కనే నిలబడి చెప్పారు. బి. చంద్రశేఖర్ గారు ప్రత్యేక పబ్లిక్ ప్రాసిక్యూటరుగా వాదించారు. నేరం జరిగిన పదహారేళ్లకు, 2007 జూలై 31న, 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది శిక్ష పడింది. 2014లో హైకోర్టు ఆ శిక్షలు కొట్టేసింది. ఆ తీర్పు విన్నరోజు మా కడుపు మండింది. కాని పదహారేళ్లు మాట మార్చకుండా నిలబడ్డ ఆ సాక్షుల్ని ఏ కోర్టూ కొట్టెయ్యలేదు.

కారంచేడును కూడా మరవకూడదు. 1985 జూలై 17న అక్కడ ఆరుగుర్ని చంపారు. ఆ కేసులో సాక్షిగా నిలబడ్డ దుడ్డు అలీసమ్మ కూడా హత్యకు గురైంది. హక్కుల రక్షకులు అనగానే మనకు పట్నం వకీళ్లు, డాక్టర్లు కళ్లముందు మెదులుతారు. అలీసమ్మకు ఏ సంఘం గుర్తింపు కార్డు ఉంది? చూసింది చూసినట్టు చెబుతానన్నది. ఆ ఒక్క మాట చాలు, ఆమెను డాక్టర్ రామనాథం గారి పక్కన నిలబెట్టడానికి.

కత్తి ఒక్కటే కాదు, కాగితం కూడా

ఈ రోజుల్లో అంత ప్రమాదం లేదు కదా అనేవాళ్లున్నారు. ప్రమాదం వేషం మార్చింది. ఫాదర్ స్టాన్ స్వామి జార్ఖండ్‌లో, తీర్పు రాకుండా జైళ్లలో మగ్గుతున్న ఆదివాసీ కుర్రవాళ్ల లెక్క తీసిన మనిషి. 2020 అక్టోబరులో రాంచీలో ఆయన్ను అరెస్టు చేశారు. వణుకుడు జబ్బు. గ్లాసు ఎత్తలేక, నీళ్లు తాగడానికి గొట్టం గిన్నె కోసం కోర్టుకు అర్జీ పెట్టుకోవాల్సి వచ్చింది. బెయిలు రాకుండానే 2021 జూలై 5న, 84 ఏళ్ల వయసులో, ఖైదీగానే ముంబయి ఆసుపత్రిలో పోయారు. తూటా లేదు, కత్తి లేదు. వాయిదాలే చంపాయి.

ఐక్యరాజ్యసమితి 1998 డిసెంబరు 9న హక్కుల రక్షకుల కోసం ఒక ప్రకటన ఆమోదించింది. హక్కుల కోసం పనిచేయడమే ఒక హక్కని, వాళ్లను కాపాడాల్సిన బాధ్యత ప్రభుత్వాలదని అందులో ఉంది. మంచి మాటే. కాని జెనీవాలో రాసిన మాట గాని, న్యూయార్కులో రాసిన మాట గాని మన ఊరి రచ్చబండ దగ్గరకు రావాలంటే దాన్ని మోసుకొచ్చేది మనమే.

దానికి మన చేతిలో ఏమీ లేదని కూడా కాదు. ఫిర్యాదు ఇచ్చినవాడికి ఎఫ్‌ఐఆర్ నకలు ఉచితంగా ఇవ్వాలి. కస్టడీలో మనిషి చనిపోతే 24 గంటల్లో తనకు తెలపాలని జాతీయ మానవ హక్కుల కమిషన్ 1993లోనే ఆదేశించింది. ఎస్సీ ఎస్టీ చట్టం కింద 1995లో వచ్చిన నిబంధనల్లో పదకొండోది మన కూలీలందరూ కంఠస్థం చెయ్యాలి. బాధితులకూ సాక్షులకూ దారిఖర్చు ఇవ్వాలి. పని పోయిన రోజుకు, వ్యవసాయ కూలీల కనీస వేతనానికి తగ్గకుండా బత్తా ఇవ్వాలి. అడిగినవాళ్లు మా ప్రాంతంలో వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది. “ఒక్కరోజు కూలి పోతది” అని సాక్ష్యానికి వెళ్లని మన సోదరుడికి ఆ కూలి చట్టంలో రాసిపెట్టి ఉందని మనం చెప్పలేదు. 2016 నుంచి అదే చట్టంలో సాక్షుల రక్షణకు ప్రత్యేకంగా ఒక అధ్యాయం ఉంది. 2018లో సుప్రీంకోర్టు సాక్షుల రక్షణ పథకాన్ని ఆమోదించింది. ఇవి వాటంతటవి నడవవు. వీటి కోసం కలెక్టరాఫీసు మెట్లెక్కే కాళ్లు కావాలి.

ఏం చెయ్యాలనుకున్నాం

ఆ రాత్రి మేం నాలుగు మాటలు అనుకుని పుస్తకంలో రాసుకున్నాం.

ఒకటి: మా ప్రాంతంలో కూలీల కేసులు నడుస్తున్న ప్రతి వాయిదాకూ సంఘం తరఫున ఇద్దరు కోర్టులో ఉండాలి. ఊరికే కూర్చున్నా సరే. బోనెక్కిన సాక్షికి ఎదురుగా తనవాళ్ల మొహం కనబడాలి.

రెండు: నిజనిర్ధారణకు ఎవరు వచ్చినా వాళ్లకు అన్నం, పడక, దారి చూపే మనిషి మా బాధ్యత. మర్నాడు వాళ్లు పోయాక ఊళ్లో సాక్షుల్ని బెదిరిస్తే, దానికి మొదటి అర్జీ కూడా మాదే.

మూడు: సాక్ష్యం చెప్పినందుకు కౌలు పోయినవాడికి, పని పోయినవాడికి ఆ సీజను గడిచేదాకా సంఘం ముఠాల్లో పని ముందు ఇవ్వాలి. కష్టమైన మాటే. కాని ఇది లేకుండా మిగతావన్నీ ఉత్త ఉపన్యాసాలు.

నాలుగు: చూడని పంచనామా మీద సంతకం పెట్టకూడదు. చూసినదాని కింద సంతకం పెట్టడానికి వెనకాడకూడదు.

ఈ నాలుగో మాట రాస్తుంటే మా పాత గ్రామ కార్యదర్శి అక్కడే ఉన్నాడు. ఇప్పుడు తల పండింది. చాలాసేపు మాట్లాడలేదు. ఆఖరికి, “ఆ పుస్తకం ఇటియ్యిరి” అని, అందరికంటే ముందు తనే సంతకం పెట్టాడు.

జనవరిలో అక్కను వెంటబెట్టుకుని పట్నం పోయాం. వకీలు సారు బతికే ఉన్నారు. ఒక కన్ను సరిగా కనబడటం లేదు. చిన్న గది, గోడ పొడుగునా ఫైళ్లు. అక్క ఒక సంచెడు కందికాయలు తెచ్చింది. ఆయన ఆమెను చూడగానే పేరు పెట్టి పిలిచి, పిల్లవాడేం చేస్తున్నాడని అడిగారు. తర్వాత లేచి, వెతక్కుండానే ఒక ఫైలు తీశారు. 2003 నాటి కాగితం. అక్క చెప్పిన మాటలు, కింద ఆమె వేలిముద్ర. దాని కింద ‘సాక్షులు’ అని రాసి ఒకటి, రెండు, మూడు అంకెలు వేసి ఉన్నాయి. అంకెల పక్కన ఖాళీ. ఆ ఖాళీ మాది.

మేం తీసుకుపోయిన శాలువా ఆయన భుజాన కప్పాం. ఆయన దాన్ని మడిచి కుర్చీ మీద పెట్టి, “ఇదెందుకయ్యా! పదిహేడో తారీకున మీ పక్క ఊరి కూలీల భూమి కేసు ఉంది. చెప్పేవాళ్లు భయపడుతున్నారు. ఇద్దరు మనుషుల్ని పంపండి” అన్నారు.

పదిహేడో తారీకున ముగ్గురం వెళ్లాం. అక్క కూడా వచ్చింది, కూలి మానుకుని.